దివాన్ సాలార్‌జంగ్ : ఒక వ్యవహారదక్షుని జీవితం

హైదరాబాదు చూడవచ్చిన చుట్టాలను మనం మొదట చార్మినార్‌కు, ఆ తరువాత సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకుపోతాము. గంట కొట్టే గడియారం ముందర పిల్లలను కూర్చోబెడతాము. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ చూపించి, రాతిలో ముసుగు ఎట్లా చెక్కాడో చూడండి అంటాము. ఇంటికి వచ్చేస్తాము. సాలార్‌జంగ్ అంటే బొమ్మలు పోగుచేసిన ఒక నవాబు అనే మాటే మన పిల్లల తలల్లో మిగిలిపోతుంది.

నిజానికి ఆ మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువభాగం సేకరించినది మనుమడు, మూడవ సాలార్‌జంగ్ అనబడే మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన 1949లో చనిపోయారు. 1951 డిసెంబరులో వారి దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. ఇప్పుడున్న భవనానికి అది 1968లో మారింది. రెబెక్కా బొమ్మ మాత్రం తాతగారు 1876లో రోము నగరంలో కొన్నది. మేము యిక్కడ చెప్పదలచినది ఆ తాతగారి సంగతి. పేరు మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్‌జంగ్. ముప్పై యేళ్లపాటు ముగ్గురు నిజాముల కాలంలో దివాన్‌గిరీ చేసినవారు.

ఈ సంచికకు ఎవరి జీవితం వ్రాద్దామని మాలో మేము కూర్చున్నప్పుడు ఈ పేరు రాగానే ఒక పెద్దాయన అడ్డు తగిలారు. పద్దెనిమిది వందల యాభై యేడులో ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడిన మనిషి గురించి మన పిల్లలకు ఏం చెబుతారు అన్నారు. ఆ మాట కొట్టివేయదగినది కాదు. అందుకే ఈ వ్యాసంలో ఆ సంగతి దాచిపెట్టకుండా, మిగతావాటికంటె ఎక్కువ చోటు దానికే యిచ్చాము.

మనవాళ్లు 'మస్లహత్' అని ఒక మాట వాడతారు. సమయాన్ని, స్థితిగతులను చూసుకుని, ఏది చేస్తే మేలో అది చేయడం. తెలుగులో వ్యవహారజ్ఞానం అనవచ్చు. గిట్టనివాళ్లు దాన్నే లౌక్యం అంటారు, ఇంకా గిట్టకపోతే పిరికితనం అంటారు. సాలార్‌జంగ్ గారి జీవితంలో ఈ మూడు మాటలకూ చోటున్నది.

ఆయన 1829 జనవరి 21న పుట్టారు. తాతగారు మునీరుల్‌ముల్క్ దివాన్, ఆయనకు పిల్లనిచ్చిన మీర్ ఆలం దివాన్, పెదనాన్న వరుసైన సిరాజుల్‌ముల్క్ దివాన్. దివాన్‌గిరీ ఆ యింటి పొయ్యి మీదనే ఉడికినదని చెప్పవచ్చు. అయితే పేరు పెద్దది, అప్పు అంతకంటె పెద్దది. తండ్రి చిన్నప్పుడే పోయారు. చదువు ఆనాటి పెద్దిళ్లలో మామూలుగా సాగే చదువే, పారశీకం, కొంత అరబ్బీ, ఆ తరువాత అంతో యింతో ఇంగ్లీషు. ఇరవై యేళ్లయినా నిండకముందే ఖమ్మం ప్రాంతపు తాలూకాల పని చూడవలసి వచ్చింది. అంతకు ముందు ఆ తెలంగాణా తాలూకాల్లో డైటన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి లెక్కాపత్రం ఒక పద్ధతిలో పెట్టాడు. కుర్ర నవాబు అది చూశారు. శిస్తు ఎంత వచ్చింది, అందులో సర్కారుకు ఎంత చేరింది, దారిలో ఎవరెవరు తిన్నారు అనే మూడు ప్రశ్నలకు ఊళ్లోనే సమాధానం దొరుకుతుంది, దర్బారులో దొరకదు. ఈ సంగతి ఆయనకు ఆ వయసులోనే తెలియడం అదృష్టమని మా అభిప్రాయం.

1853 మే నెల హైదరాబాదుకు అచ్చిరాలేదు. నిజాము సొంత ఖర్చుతో పెంచవలసి వచ్చిన 'కంటింజెంటు' అనే సైన్యం ఒకటుండేది. పేరుకు నిజాముది, హుకుం కంపెనీది. దాని జీతాల బకాయిలు పెరిగి పెరిగి నలభై లక్షల రూపాయలు దాటాయి. ఆ అప్పు పేరుతో కంపెనీవారు మే 21న ఒడంబడిక వ్రాయించుకుని, పత్తి పండే బీరారు సీమను, రాయచూరు అంతర్వేదిని, నల్దుర్గం వైపు తాలూకాలను తమ స్వాధీనం చేసుకున్నారు. ఆ వారంలోనే దివాన్ సిరాజుల్‌ముల్క్ కన్నుమూశారు. మే 31న ఇరవై నాలుగేళ్ల తురాబ్ అలీఖాన్‌ను పిలిచి దివాన్ పదవి అప్పగించారు. పెద్దలిచ్చిన జాగీర్లు చూసుకుంటూ యింటిపట్టున ఉండడమే తనకు యిష్టమని, ఈ బరువు తాను కోరుకోలేదని ఆయన దగ్గరివాళ్లకు తెలియజేసినట్లు చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. ఖజానాలో పైసా లేదు, సిపాయిలకు జీతాలు లేవు, అప్పిచ్చిన సాహుకార్లు గుమ్మంలో కూర్చున్నారు.

ఆనాటి పద్ధతి కొంత చెప్పాలి. తాలూకాలను గుత్తకు ఇచ్చేవారు. ముందుగా ఎవడు ఎక్కువ సొమ్ము పెడితే వాడికే తాలూకా. వాడు పెట్టిన సొమ్ముకు రెట్టింపు రైతు దగ్గర పిండుకునేవాడు. మరుసటి యేడు ఇంకొకడు ఎక్కువ పెడితే మొదటివాణ్ణి దించేసేవారు. అందుచేత ఉన్న ఒక్క సంవత్సరంలోనే పిండవలసినదంతా పిండుకోవాలి. చెరువుకు గండి పడితే పూడ్చేవాడెవడు? తరువాతివాడి కోసం వీడెందుకు పూడుస్తాడు? ఇక మరికొన్ని తాలూకాలు అరబ్బు జమాదార్ల దగ్గర, రోహిల్లాల దగ్గర తాకట్టులో ఉండేవి. హజ్రమౌత్ నుండి వచ్చిన అరబ్బులు సర్కారుకు సిపాయిలూ వారే, అప్పిచ్చినవారూ వారే. బాకీ తీర్చనివాణ్ణి తమ యింట్లోనే కొట్టులో పెట్టి తాళం వేసేవారు. అడిగే కచేరీ లేదు.

కొత్త దివాన్ వీరిమీదికి ఫౌజు పంపలేదు. పంపుదామన్నా ఆ ఫౌజే వాళ్లది. ఆయన చేసింది వేరు. సాహుకార్లతో విడివిడిగా కూర్చున్నారు, కొత్తగా అప్పు పుట్టించారు, ఆ డబ్బుతో పాత తాకట్టులు ఒక్కొక్కటిగా విడిపించారు. విడిపించిన తాలూకా శిస్తుతో తరువాతి తాలూకా విడిపించడం. ముందుగా ఎక్కువ ఆదాయం వచ్చేవి, తక్కువ గొడవ ఉన్నవి. మొండివాళ్లను చివరకు పెట్టుకున్నారు. అరబ్బుల లావాదేవీలు విచారించే కచేరీ ఒకటి ఏర్పరచి, అందుకు జమాదార్లనే ఒప్పించారు. వారి మర్యాద పోకుండా వారి జోరు తగ్గించారు. ఇప్పటికీ మన పాతబస్తీ పక్కన బార్కాస్‌లో ఆ అరబ్బుల సంతతి ఉన్నది. ఆ పేరే 'బ్యారక్స్' నుండి వచ్చినదంటారు. వారి పూర్వులకు ఈ దివాన్ మీద కోపం రాకపోవడమే ఆయన నేర్పు.

నాణేల సంగతీ అంతే. గద్వాల రూపాయి ఒకటి, నారాయణపేట రూపాయి ఒకటి, ఊరూరికీ తూకం మారిపోయేది. సాహుకారుకు ఆ గందరగోళమే లాభం. హైదరాబాదు టంకశాలలో ఒకే తీరు 'హాలీ సిక్కా' అచ్చు వేయించి, మిగతావాటిని మెల్లగా వెనక్కు నెట్టారు. మన యిళ్లలో ముసలివారు మొన్న మొన్నటిదాకా హాలీ లెక్క, కల్దారు లెక్క అని రెండు లెక్కలు చెప్పేవారు గదా, ఆ హాలీ రూపాయి యిదే.

ఇప్పుడు 1857కు వద్దాము.

మే 11న ఢిల్లీ సిపాయిల చేతికి పోయింది. అయిదు రోజులకు, మే 16న, ఇక్కడ నాసిరుద్దౌలా నిజాము చనిపోయారు. కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెక్కారు. కొత్త నిజాము, ఇరవై ఎనిమిదేళ్ల దివాన్, కోఠీలో డేవిడ్సన్ అనే కొత్త రెసిడెంటు. మక్కా మసీదు గోడలమీద రాత్రికి రాత్రి కాగితాలు అంటిస్తున్నారు. ఔరంగాబాదు వైపున కంటింజెంటు గుర్రపుదళంలో తిరుగుబాటు లేచి అణగిపోయింది. అక్కడ నుండి తప్పించుకున్న జమాదార్ చీదాఖాన్, మరికొందరు సిపాయిలు, నిజాము నీడన తలదాచుకోవచ్చునని హైదరాబాదు చేరారు. దివాన్ వారిని పట్టించి రెసిడెంటుకు అప్పగించారు.

ఈ ఒక్క పనిని మేము ఏ విధంగానూ సమర్థించబోము. ఆశ్రయం కోరి వచ్చినవారిని అప్పగించడం మన ఆచారంలో లేదు, ఏ ఆచారంలోనూ లేదు. ఊరు ఊరంతా అదే అనుకున్నది. జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు తరువాత జనం పోగయ్యారు. వారిని విడిపించాలని మౌల్వీ అలాఉద్దీన్, బేగంబజారు తుర్రేబాజ్‌ఖాన్ ముందు నడిచారు. రోహిల్లాలు వెంట నడిచారు. పుత్లీబౌలీ దగ్గర రెసిడెన్సీకి ఎదురుగా ఉన్న రెండు సాహుకార్ల మేడలెక్కి రాత్రంతా కాల్పులు జరిపారు. దివాన్ ముందుగానే రెసిడెంటుకు కబురు చేరవేసి ఉన్నారు. లోపల మద్రాసు ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి అంతా అయిపోయింది.

తుర్రేబాజ్‌ఖాన్ పట్టుబడ్డారు, ద్వీపాంతర శిక్ష వేశారు, అండమాన్ పోకముందే కాపలా తప్పించుకుని పారిపోయారు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని తెచ్చి ఊళ్లో వేలాడదీశారు. మౌల్వీగారిని అండమాన్‌కు పంపారు, అక్కడే గతించారు. నేటికీ మన తెలంగాణా పల్లెల్లో ఎవడైనా గొప్పలు పోతే, పెద్ద తుర్రంఖాన్‌వా అని అడుగుతారు. ఆ తుర్రంఖాన్ ఈ తుర్రేబాజ్‌ఖానే అంటారు. ఎగతాళికి వాడుతున్నాము గాని ఆ మనిషి నిజంగా తుర్రంఖానే.

మరి దివాన్ మనసులో ఏమున్నది? ఆయన తన ఆలోచన కాగితం మీద పెట్టిన మనిషి కాదు. అప్పటి పరిస్థితిని బట్టి మనం ఊహించుకోవలసిందే. సతారా 1848లో పోయింది. ఝాన్సీ, నాగపూరు 1854లో పోయాయి. అవధ్ 1856లో పోయింది, అక్కడి నవాబు తిరగబడకపోయినా పోయింది. హైదరాబాదుకు కూతవేటు దూరంలో సికింద్రాబాదు దండు, ఆ పక్కనే బొల్లారంలో కంటింజెంటు. దక్షిణాన మద్రాసు సైన్యం కదలలేదు. తమ సిపాయిలకు యివ్వడానికి జీతమే లేదు, యుద్ధానికి మందుగుండు ఎక్కడిది? ఢిల్లీ నిలబడితే హైదరాబాదు కలవకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. ఢిల్లీ పడిపోతే, కలిసిన హైదరాబాదు మిగలదు. ఈ లెక్క వేయడానికి పెద్ద మేధావి కానక్కరలేదు. జనం మసీదు ముందర నిలబడి కేకలు వేస్తున్నప్పుడు, దగ్గరి బంధువులే ముఖం తిప్పుకున్నప్పుడు, ఆ లెక్కకు కట్టుబడడమే కష్టం.

సెప్టెంబరులో ఢిల్లీ పడిపోయింది. ఆ తరువాత అక్కడి ముస్లిముల యిళ్లకు, మసీదులకు, మదరసాలకు ఏమి జరిగిందో మనకు తెలుసు. హైదరాబాదులో అది జరగలేదు. మా పెద్దాయనకు ఈ మాట చెబితే, అది నిజమే గాని చీదాఖాన్ ప్రాణం దివాన్ సొత్తు కాదు గదా అన్నారు. మేము మాట్లాడలేకపోయాము. రాజ్యాన్ని కాపాడడానికి ఊరక కూర్చోవడం చాలునేమో. అప్పగించడం దాకా పోవలసిన అవసరమున్నదా? ఊరక కూర్చుంటే కంపెనీ నమ్మేది కాదని కొందరు. నమ్మకపోతే పోనీ అని కొందరు. కోఠీలో ఆ రెసిడెన్సీ భవనం తరువాత మహిళా కళాశాల అయింది, 2022లో విశ్వవిద్యాలయమయింది. దానికి దగ్గరలోనే పోరాటవీరుల స్తూపం, తుర్రేబాజ్‌ఖాన్ పేరుతో రోడ్డు ఉన్నాయి. మూసీ పక్కన సాలార్‌జంగ్ పేరుతో మ్యూజియం. నడుమ దూరం మైలున్నర కూడా ఉండదు. ఊరు యిద్దరినీ ఉంచుకున్నది.

ఆయనకు దక్కిన ఫలితం ఏమిటంటే, ఇద్దరి అనుమానమూ. 1859 మార్చిలో దర్బారు నుండి రెసిడెంటుతో కలిసి బయటికి వస్తుంటే ఒకడు తుపాకి పేల్చాడు, గురి తప్పింది, కత్తి దూసి మీదపడబోగా అక్కడే నరికివేశారు. 1868లో మళ్లీ ఒకడు కాల్చాడు. అప్పుడూ బ్రతికారు. 1860లో కంపెనీ స్థానంలో వచ్చిన సర్కారు యాభై లక్షల అప్పు కొట్టివేసి, రాయచూరు, నల్దుర్గం వెనక్కు యిచ్చింది, షోరాపూరు సంస్థానాన్ని అదనంగా కలిపింది. బీరారు మాత్రం యివ్వలేదు. ఇక అఫ్జలుద్దౌలా నిజాముకు ఈ దివాన్ పొడ గిట్టేది కాదు. ఇంగ్లీషువాళ్ల అండ చూసుకుని తనను మించిపోతాడని భయం. తన దేవిడీ గడప దాటి ఊరిబయటి తోటకు పోవాలన్నా, సైన్యం కవాతు చూడాలన్నా, రెసిడెంటును విందుకు పిలవాలన్నా నిజాము అనుమతి కావాలి. రాజ్యమంతా నడిపే మనిషి యించుమించు యింట్లో ఖైదీ. దించివేయాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నమూ జరిగింది. ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అర్జీ పెట్టుకునేవారు, అనుమతి వస్తే పోయేవారు, రాకపోతే యింట్లో కూర్చుని ఫైళ్లు చూసేవారు.

ఆ ఫైళ్లలోనే అసలు పని జరిగింది. గుత్తపద్ధతి పోయి జీతం మీద తాలూకాదార్లు వచ్చారు. 1865లో జిలాబందీ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించడం. జిల్లాకు అవ్వల్ తాలూకాదారు, వారి క్రింద దోయం, సోయం, తాలూకాకు తహసీలుదారు. ధాన్యంలో వంతుకు బదులు నగదు శిస్తు. పోలీసు వేరు, రెవెన్యూ వేరు, న్యాయం వేరు. 1868లో శాఖకొక సదరుల్‌మహాం, అంటే మంత్రి. ఇవన్నీ బ్రిటిషు జిల్లాలు చూసి నేర్చుకున్నవే గాని, ఆయన పేర్లు మాత్రం పారశీకంలోనే పెట్టారు.

ఒక సంగతి మాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోస్తుంది. రాజ్యపు పాత రికార్డులన్నీ రెండు దఫ్తర్లలో ఉండేవి, దఫ్తరె మాల్, దఫ్తరె దివానీ అని. ఒకటి రాయరాయన్ బ్రాహ్మణ కుటుంబం చేతిలో, ఒకటి మాల్వాలా కాయస్థ కుటుంబం చేతిలో. తరతరాలుగా వారి యింట్లోనే కాగితాలు. ఏ జాగీరు ఎవరిదో, ఎప్పుడు యిచ్చారో వారు చెప్పినదే లెక్క. ఇంకొక దివాన్ అయితే ఆ దఫ్తర్లు మూసివేసి, కాగితాలు బండ్లకెత్తించేవాడు, పెద్ద గొడవయ్యేది. సాలార్‌జంగ్ వాటి జోలికి పోలేదు. వారి హోదా వారికి ఉంచి, పక్కన కొత్త లెక్కల కచేరీ తెరిచారు. కొత్త పనులన్నీ కొత్త కచేరీకి పోయేవి. పాత దఫ్తరులో కుర్చీలు ఉన్నాయి, జీతాలు ఉన్నాయి, సలాములు ఉన్నాయి, పని మాత్రం ఏటేటా తగ్గిపోయింది. చివరకు దానంతటదే ఎండిపోయింది. ఎవరికీ కోపం రాలేదు, ఎందుకంటే ఏ రోజు అధికారం పోయిందో వారికే తెలియలేదు. పాత గోడ కూల్చకుండా పక్కన గది కట్టుకుని, సామాను కొంచెం కొంచెం చేరవేయడం వంటిది యిది.

1869లో అఫ్జలుద్దౌలా పోయారు. వారసుడు మహబూబ్ అలీఖాన్‌కు మూడేళ్లయినా లేవు. సాలార్‌జంగ్, షంసుల్‌ఉమరా యిద్దరూ కలిసి రాజప్రతినిధులు. అప్పటిదాకా రెసిడెంటు దర్బారుకు వస్తే బూట్లు విడిచి నేలమీద కూర్చోవలసిందే. ఈ సందు చూసుకుని వారు కుర్చీలు కావాలన్నారు, బూట్లు విడవమన్నారు. పాత నవాబులు మండిపడ్డారు. దివాన్ ఒప్పుకున్నారు. బూట్ల విషయంలో తగవు పెట్టుకుంటే బీరారు విషయంలో మాట్లాడే అవకాశం పోతుందని ఆయన భావం కావచ్చు.

మనుషుల కోసం ఉత్తరాది వైపు చూశారు. సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, మెహదీ అలీ, చిరాగ్ అలీ, ముష్తాక్ హుసేన్ వంటివారు ఆ రోజుల్లో వచ్చినవారే. వీరిలో కొందరు సర్ సయ్యద్ అహ్మద్‌ఖాన్ గారి సన్నిహితులు. దారుల్ ఉలూం, మదరసె ఆలియా వంటి చదువుల చోట్లు ఆయన పెట్టినవే. మదరసె ఆలియా తరువాత 1887లో నిజాం కాలేజీలో కలిసింది. పనికి తగిన మనిషి ఎక్కడున్నా తెచ్చుకోవడం మంచిదే. కాని స్థానికులను తయారుచేసుకునేదాకా ఆగే ఓపిక ఆయనకు లేకపోయింది, కాలమూ లేకపోయింది. ముల్కీ, గైర్‌ముల్కీ అనే తగవు ఆ కచేరీల్లోనే మొలకెత్తింది. 1952లో, 1969లో ఆ మాట మళ్లీ ఎంత పని చేసిందో మనలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఖర్చు నిజాముది, తొందర ఇంగ్లీషువాళ్లది. చాలా యేళ్లు దాని నష్టం ఖజానా భరించింది.

ఆయన ముట్టనివి కూడా చెప్పాలి గదా. జాగీర్లు ముట్టలేదు. పైగాలు ముట్టలేదు. నిజాము సొంత భూమి సర్ఫెఖాస్ ముట్టలేదు. ముట్టితే ఆ రోజే దిగిపోయేవారు, చేసినదంతా ఆగిపోయేది. అందుకే జిల్లాబందీ అంతా దివానీ భూముల్లోనే. ఇక శిస్తు వసూలు పోయిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు ఊరికే ఉంటారా? వారికి పరిహారంగా రుసుములు, వతనులు యిచ్చి శాంతింపజేశారు. అప్పటికి అది తెలివైన పనే. ఒక్క తుపాకి పేలకుండా గుత్తపద్ధతి పోయింది. ఆ వతనులను ఆనుకునే దేశ్‌ముఖులు వేల ఎకరాలు తమ పేర పెట్టించుకున్నారు, గడీలు లేచాయి, వెట్టి ముదిరింది. 1946లో నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో రైతులు లేచినది ఆ గడీల మీదికే. పాము చావకుండా కర్ర విరగకుండా చేసిన పనిలో పాము బతికే ఉంటుంది. ఎనభై యేళ్ల తరువాత సంగతి ఆయన చూడగలిగేవారా అంటే, చూడలేరు. కాని ఖమ్మం తాలూకాల్లో శిస్తు దారి ఎట్లా పోతుందో కళ్లారా చూసిన మనిషికి కొంతయినా తోచి ఉండాలి అని మాకు అనిపిస్తుంది.

ఇంత వంగిన మనిషి ఒక్క విషయంలో మాత్రం వంగలేదు. అది బీరారు. 1853 ఒడంబడికలో ఆ సీమను అమ్మలేదు, కంటింజెంటు ఖర్చు కోసం అప్పగించారు అంతే. కాబట్టి ఆ ఖర్చుకు నగదు పూచీ యిస్తాము, సీమ తిరిగి యివ్వండి అని ఆయన వాదన. 1860లలో అడిగారు, 1870లలో అడిగారు, కాదంటే మళ్లీ అడిగారు. ప్రతిసారీ లెక్కలతో, ఒడంబడిక మాటలతో, మర్యాదగా. 1876లో సదర్లాండు ప్రభువు పిలుపు మీద ఇంగ్లాండు పోయారు. దారిలో రోములో రెబెక్కా బొమ్మ కొన్నది అప్పుడే. పారిసులో మెట్లమీద జారిపడి తొడ ఎముక విరిగింది. ఆ కాలితోనే లండను పోయి రాణిని చూశారు. ఆక్స్‌ఫర్డు వారు డాక్టర్ బిరుదు యిచ్చారు. విందులు, సన్మానాలు ఎన్నో. బీరారు మాట ఎత్తితే మాత్రం అందరూ కిటికీలోంచి బయటికి చూసేవారు. 1857లో మాకు అండగా నిలిచాడని పొగిడినవాళ్లే, ఇప్పుడు ఈయన మరీ స్వతంత్రంగా పోతున్నాడని గొణిగారు. లిట్టన్ ప్రభువు సర్కారు అంతటితో ఆగలేదు. 1877లో తోటి రాజప్రతినిధి చనిపోగా, ఆ స్థానంలో సాలార్‌జంగ్‌కు బద్ధవిరోధి అయిన వికారుల్‌ఉమరాను కూర్చోబెట్టింది. ఆయన ఇంగ్లీషు కార్యదర్శి ఆలిఫెంటును హైదరాబాదు విడిచి పొమ్మన్నది. 1878లో లండను నుండి తుదిజవాబు వచ్చింది. బాల నిజాముకు అధికారం వచ్చిన తరువాత కావలిస్తే మాట్లాడవచ్చు, అప్పటిదాకా వద్దు.

ఇందులో వ్యవహారజ్ఞానం ఎక్కడున్నది అని అడగవచ్చు. దొరకని దానికోసం ఇరవై యేళ్లు తిరగడం ఆ మనిషి తీరుకు విరుద్ధం గదా. మాకు తోచినది చెబుతాము. 1857లో ఆయన ఇచ్చినది చాలా పెద్దది, దానికి బదులుగా ఏదో ఒకటి రాజ్యానికి తిరిగి తీసుకురావాలని ఆయన పట్టు. రాయచూరు, నల్దుర్గం వచ్చాయి. బీరారు కూడా వచ్చి ఉంటే తుర్రేబాజ్‌ఖాన్ మనుషుల ముందర ఆయన తల ఎత్తుకుని ఉండేవారేమో. ఇది మా ఊహ మాత్రమే. ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు.

వికారుల్‌ఉమరా 1881లో పోయారు. మళ్లీ ఒక్కరే అయ్యారు. నిజాముకు మేజారిటీ వచ్చే రోజు కోసం కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. 1883 ఫిబ్రవరిలో జర్మనీ నుండి మెక్లెన్‌బర్గు రాజకుమారుడు హైదరాబాదు వచ్చాడు. అతిథిమర్యాదలో భాగంగా మీర్ ఆలం చెరువులో పడవ షికారు పెట్టారు. తమ వంశంలో పెద్ద తవ్వించిన చెరువే అది. మరునాడే కలరా. ఫిబ్రవరి 8 సాయంత్రానికి అంతా అయిపోయింది. వయసు యాభై నాలుగు. నిజాముకు అధికారం 1884 ఫిబ్రవరి 5న వచ్చింది, అంటే ఒక్క సంవత్సరం తక్కువ. కొడుకు లాయక్ అలీఖాన్ దివాన్ అయ్యారు గాని మూడేళ్లకే దిగిపోయారు.

బీరారు సంగతి 1902లో తేలింది. కర్జన్ ప్రభువు వచ్చి మహబూబ్ అలీఖాన్ నిజాముతో మాట్లాడి, ఏటా ఇరవై ఐదు లక్షల రూపాయలకు ఆ సీమను శాశ్వతంగా కౌలుకు తీసుకున్నాడు. ఆ మాటలు జరిగేనాటికి పాత దివాన్ పోయి పంతొమ్మిది యేళ్లు. ఆయన సమాధి పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్‌లో, వారి కుటుంబపు ఆవరణలోనే ఉన్నది. మనుమడు మూడవ సాలార్‌జంగ్‌నూ 1949లో అక్కడే ఉంచారు. మ్యూజియం చూసి వచ్చేటప్పుడు ఆటోలో పోతే పదిహేను నిమిషాల దారి.